ట్రైగ్లిజరైడ్స్ 260, ఎల్‌డీఎల్ 144: మాత్ర లేకుండా తిండితో దించొచ్చా? (రూమ్‌లో ఉంటా, ఓట్స్ నచ్చవు)

జగిత్యాల పోరడు:

అందరికీ నమస్తే. ఆఫీసులో చేయించిన హెల్త్ చెకప్‌లో ఈసారి నా రిపోర్టు నిండా ఎర్ర అంకెలే. వయసు 34, ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, బరువు 81 కిలోలు. బీపీ, షుగర్ లేవు. సిగరెట్ లేదు. ఎప్పుడైనా దోస్తులతో బీరు, అంతే.

మొత్తం కొలెస్ట్రాల్ 232, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వట) 260, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అంటారట) 36, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అంటారట) 144.

డాక్టర్ ఇప్పుడే మందు రాయనన్నారు. "మూడు నెలలు తిండి మార్చు, నడువు, మళ్ళీ టెస్ట్ చేయించుకొని రా" అన్నారు. తిండి మార్చు అంటే ఏం మార్చాలో అడిగేలోపే తర్వాతి పేషెంట్‌ను పిలిచారు.

కూకట్‌పల్లిలో రూమ్, గచ్చిబౌలిలో ఉద్యోగం. పొద్దున టిఫిన్ సెంటర్‌లో పూరీనో వడనో. పదకొండుకి చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం. సాయంత్రం ఆఫీసు బయట మిర్చి బజ్జీ. రాత్రి కుక్కర్‌లో అన్నం పెట్టుకొని కర్రీ పాయింట్ నుంచి పప్పు, ఒక ఫ్రై, ఒక పులుసు తెచ్చుకుంటా. ఆదివారం బిర్యానీ. ఇంకా సంక్రాంతికి అమ్మ పంపిన సకినాల డబ్బా సగం ఉంది.

అమ్మేమో గుడ్లు, నెయ్యి మానెయ్ అంటోంది. జిమ్‌కి వెళ్ళే కొలీగ్ పరగడుపున రెండు చెంచాల కొబ్బరి నూనె తాగమంటున్నాడు. మా బాబాయి వాట్సాప్‌లో వెల్లుల్లి, అల్లం, నిమ్మకాయ, యాపిల్ సైడర్ వెనిగర్, తేనె కలిపి కాచే కషాయం పంపాడు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు. ఓట్స్ రెండు రోజులు తిన్నా, నా వల్ల కాలేదు. అన్నం లేకుండా ఉండలేను. నిజంగా తిండితో తగ్గుతుందా? తగ్గితే ఏం తినాలి?

హైటెక్ హనుమ:

గుడ్లు బంద్, నెయ్యి బంద్, రాత్రి చపాతీ. సింపుల్ బ్రో. కషాయం కూడా ట్రై చెయ్, మా మామకి బాగా పనిచేసింది.

గోదావరి గట్టు:

నాయనా, నేను ముప్పై ఏళ్ళు ప్రభుత్వాసుపత్రిలో డైటీషియన్‌గా చేసి రిటైరయ్యాను, రాజమండ్రిలో ఉంటాను. నా కొడుకు వయసువాడివి కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

ముందు రిపోర్టు సరిగ్గా చదువుదాం. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను విడిగా కొలవరు, లెక్క కట్టి రాస్తారు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేస్తారు, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతు తీసేస్తారు. నీది చూడు: 232లో 36 పోతే 196. 260లో ఐదో వంతు 52. 196లో 52 పోతే 144. అంటే నీ ల్యాబు కూడా ఈ లెక్కే వేసింది. ఆ మధ్యలో వచ్చిన 196ను నాన్ హెచ్‌డీఎల్ అంటారు. అది 130 లోపు ఉంటే మంచిది. నీ అసలు బాకీ అక్కడ ఉంది.

ఇప్పుడు 260, 36 ఈ రెండూ పక్కపక్కన పెట్టు. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ, నడుము చుట్టూ కాస్త పొట్ట. ఆసుపత్రిలో నా ముందు కూర్చున్న మగవాళ్ళలో సగం మంది రిపోర్టులు ఇలాగే ఉండేవి. ఇది గుడ్డు తెచ్చిన జబ్బు కాదు. ఖర్చుకు మించి తిన్న అన్నాన్ని, మైదాను, పంచదారను లివర్ కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపిస్తుంది. ఆ కొవ్వే ట్రైగ్లిజరైడ్స్. అందుకే మీ అమ్మగారు చెప్పినట్టు గుడ్లు మానేసి, ఆ ఆకలికి ఇంకో గరిటెడు అన్నం వడ్డించుకుంటే నీ అంకె దిగదు, ఎక్కుతుంది. గుడ్డు పచ్చసొనలో 200 మిల్లీగ్రాముల దాకా కొలెస్ట్రాల్ ఉన్న మాట నిజమే. కానీ మన ఒంట్లో తిరిగే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం లివర్ తయారుచేసుకునేదే. బయటి నుంచి వచ్చేది పెరిగితే చాలామందిలో అది తన తయారీ తగ్గించుకుంటుంది. రోజుకో ఉడకబెట్టిన గుడ్డు నిశ్చింతగా తిను.

ఇక 144 సంగతి. ఎల్‌డీఎల్‌ను పెంచేది ముఖ్యంగా సంతృప్త కొవ్వు, అదే శాచురేటెడ్ ఫ్యాట్. అది ఎక్కువైతే లివర్ రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కోవడం తగ్గిస్తుంది. నువ్వు నెయ్యి వేసుకుంటున్నావో లేదో రాయలేదు కానీ, రోజూ రాత్రి కర్రీ పాయింట్ ప్యాకెట్లు అన్నావు. అక్కడ ఏ నూనె వాడుతున్నారో ఒకసారి అడుగు. చవకగా దొరికేది పామాయిల్. అందులో దాదాపు సగం సంతృప్త కొవ్వే. వేరుశనగ నూనెలో అది ఐదో వంతు, నువ్వుల నూనెలో ఇంకా తక్కువ. మీ కొలీగ్ తాగమన్న కొబ్బరి నూనెలో ఎనభై శాతం పైనే. తలకు రాసుకోమను. ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అని రాసి ఉంటే మురిసిపోవద్దు. మొక్కల నుంచి వచ్చే ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు, పామాయిల్‌లో కూడా.

ఎంత నూనె అంటావా? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మామూలు పెద్దవాళ్ళకు రోజుకు 27 గ్రాములని ఉంది. అంటే రెండు పెద్ద చెంచాలు. నెలకు లెక్కేస్తే మనిషికి లీటరు కూడా పట్టదు. పూరీ, బజ్జీ, ఫ్రై, సకినాలు అన్నీ ఈ లీటరులోంచే పోవాలి. నువ్వు రోజుకు రెండు పూటలకే ఆ కోటా దాటేస్తున్నావు. పైగా బజ్జీల బండి మీది నూనె మరిగి మరిగి నల్లబడినది. అదే నూనెను మళ్ళీ మళ్ళీ కాచవద్దని కూడా ఆ పుస్తకం చెబుతుంది.

మరి ఏం తినాలి? కరిగే పీచు. ఓట్స్‌ను అందరూ పొగిడేది అందులోని బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు కోసమే. లివర్ కొలెస్ట్రాల్‌తో పైత్యరసం చేసి పేగులోకి వదులుతుంది, పని అయ్యాక చాలావరకు వెనక్కి పీల్చుకుంటుంది. ఈ జిగురు మధ్యలో పట్టుకుని దాన్ని బయటికి పంపేస్తే, లివర్ కొత్త పైత్యరసం కోసం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను వాడుకోవాల్సి వస్తుంది. ఓట్స్‌తో ఫలితం రావాలంటే రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ కావాలి, అంటే దాదాపు 75 గ్రాముల పొడి ఓట్స్. చిన్న మసాలా ఓట్స్ ప్యాకెట్ తింటే సగం కూడా రావడం కష్టం, ఉప్పు మాత్రం దండిగా వస్తుంది. నీకు నచ్చలేదు కదా, వదిలెయ్.

మన వంటింట్లో జిగురుకు కరువా? గోరుచిక్కుడు, అదే మీ గోకరకాయ, దాని గింజల నుంచే గ్వార్ గమ్ అనే జిగురు తీసి ప్రపంచమంతా ఐస్‌క్రీముల్లో, సాసుల్లో కలుపుతారు. బెండకాయ ముట్టుకుంటేనే తెలుస్తుంది. వంకాయ, చిక్కుడు, ఉలవలు, శనగలు, పెసలు, మెంతులు, జామకాయ అన్నిటిలోనూ ఉంది. ఇవేవీ నీకు కొత్త కాదు. ఒక్కటే షరతు, బెండకాయను నూనెలో వేయించి కరకరలాడించకూడదు.

కషాయం మాట: వెల్లుల్లికి చిన్నపాటి ప్రభావం ఉందేమో గానీ, పొద్దున కషాయం తాగి సాయంత్రం బజ్జీ తినేవాళ్ళను నేను చాలామందిని చూశాను. అందులో తేనె కలిపితే పంచదార కలిపినట్టే. బెల్లం అయినా లివర్‌కు తేడా తెలియదు.

నేతి గిన్నె:

మేడం గారూ, మా తాత రోజూ అన్నంలో గరిటెడు నెయ్యి పోసుకొని 92 ఏళ్ళు బతికాడు. ఒక్క మాత్ర వేసుకోలేదు. ఈ కొలెస్ట్రాల్ అంతా మందుల కంపెనీల కథ. వీళ్ళ రిఫైండ్ నూనెలు వచ్చాకే గుండెపోట్లు వచ్చాయి.

గోదావరి గట్టు:

మీ తాతగారికి నమస్కారం. ఆయన తెల్లవారుజామున అరక కట్టి మధ్యాహ్నం దాకా దున్ని ఉంటారు. మీరూ దున్నుతానంటే గరిటెడు పోసుకోండి. నెయ్యి తిని యాభైలోనే పోయిన తాతలు కూడా ఊరి నిండా ఉన్నారు, వాళ్ళ గురించి ఎవరూ పోస్టులు పెట్టరు.

నెయ్యి విషమని నేను అనలేదు. చిన్న చెంచా నెయ్యిలో సంతృప్త కొవ్వు 3 గ్రాములు ఉంటుంది. రోజంతటికీ 20 గ్రాములు దాటకుండా చూసుకోవాలి అనుకుంటే, పప్పన్నంలో ఆ ఒక్క చెంచాకు చోటుంది. గరిటెకు లేదు. చెంచా నెయ్యి వదిలేసి ప్యాకెట్ నిండా ఫ్రై తినేవాళ్ళ మీదే నా కోపం.

ఏలూరు రోడ్డు:

అన్నా, నాదొక మాట. నేను 58 కిలోలు, పుట్టినప్పటి నుంచి శాకాహారం, నూనె కూడా అంతంత మాత్రమే. అయినా నా ఎల్‌డీఎల్ 228. మా నాన్నకు 44 ఏళ్ళకే గుండెపోటు వచ్చింది. నాకు మడమ వెనక నరం దగ్గర గట్టిగా ముద్దలా ఉంటే బూట్ల వల్ల అనుకునేవాణ్ణి. డాక్టర్ చూసి, ఇది వంశపారంపర్యం, కొలెస్ట్రాలే అక్కడ పేరుకుంది అన్నారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగం సగమట. నాలాంటి వాళ్ళకు తిండి ఒక్కటే సరిపోదు, మాత్రతోనే దిగింది. నీది 144 కాబట్టి ఇది కాకపోవచ్చు. కానీ మీ ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్ళు ఉన్నారేమో కనుక్కొని డాక్టర్‌కు చెప్పు.

గోదావరి గట్టు:

చాలా మంచి మాట చెప్పారు. ఎల్‌డీఎల్ 190 దాటినా, షుగర్ ఉన్నా, స్టెంట్ పడినా తిండితో సరిపెట్టుకుందాం అనుకోకూడదు. ఇప్పటికే మాత్ర వేసుకుంటున్నవాళ్ళు ఎవరైనా నా మాటలు చదివి ఆపేస్తే మాత్రం నేను ఊరుకోను. తిండి బాగా మార్చుకుంటే ఎల్‌డీఎల్ పది, పదిహేను శాతం దిగుతుంది. డాక్టర్లు కొలెస్ట్రాల్‌కు రాసే స్టాటిన్ మాత్ర ముప్పై నుంచి యాభై శాతం దించుతుంది. రెండిటి పనీ ఒకటి కాదు.

జగిత్యాల పోరడు:

అమ్మా, చాలా థ్యాంక్స్. ఇంత ఓపికగా ఎవరూ చెప్పలేదు. కర్రీ పాయింట్‌లో అడిగా, పామాయిలే. "అందరూ అదే వాడతారు సార్" అన్నాడు.

మా ఇంట్లో చిన్న వయసు గుండెపోట్లు లేవు, అమ్మకు థైరాయిడ్ ఉంది. ఇంకొన్ని డౌట్లు. అన్నం మానేసి చపాతీ తినాలా? నాకు వంట అంటే అన్నం పెట్టడం, గుడ్డు ఉడకబెట్టడం, అంతే వచ్చు, రూమ్‌లో ఒక ఎలక్ట్రిక్ కుక్కర్, ఒక చిన్న స్టవ్ ఉన్నాయి. చేపలు తింటే మంచిదంటారు, నిజమేనా? బిర్యానీ పూర్తిగా మానాలా? సకినాలు పారేయలేను, అమ్మకు తెలిస్తే బాధపడుతుంది.

గోదావరి గట్టు:

సకినాలు పారేయకు. ఆఫీసుకు తీసుకెళ్ళి పంచెయ్, రెండు నువ్వు తిను. పంచానని అమ్మకు చెప్పు, సంతోషిస్తుంది.

చపాతీ గొడవ నాకు ఎప్పుడూ అర్థం కాదు. నూనె రాసి కాల్చిన ఐదు చపాతీలు, బంగాళాదుంప కూర తింటే అన్నం మానేసిన ఫలమేముంది? నీ ఊరి తిండే నీకు మందు. హైదరాబాద్‌లో సాయంత్రమైతే రోడ్డు పక్కన జొన్నరొట్టెలు కాల్చి అమ్మేవాళ్ళు ఉంటారు కదా. రెండు రొట్టెలు కొనుక్కో. వాటిలోకి కూర మాత్రం నీ రూమ్‌లో చేసుకో.

చేయడం రాదంటావా? రాత్రి కుక్కర్‌లో అరగ్లాసు పెసరపప్పు, సొరకాయో తోటకూరో గోకరకాయో చేతికి దొరికింది తరిగి, పసుపు, పచ్చిమిర్చి, టమాటా వేసి ఉడకనివ్వు. ఉప్పు చివర్లో. పక్క స్టవ్ మీద ఒక చిన్న చెంచా వేరుశనగ నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపు పెట్టి పోసెయ్. మీ బాబాయి చెప్పిన వెల్లుల్లి కూడా వచ్చేసింది. అలా కాదు, అన్నమే కావాలనిపించిన రోజు అరగ్లాసు బియ్యం పెట్టుకో, కానీ కంచంలో పప్పూ కూరా ముందు వడ్డించుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకో. మనం చేసేది దీనికి తలకిందులు. గుట్టగా అన్నం పెట్టుకొని, దాన్ని తడపడానికి రెండు చెంచాల పప్పు వేసుకుంటాం. ఇందాక చెప్పిన పుస్తకంలోనే రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు, గుడ్డు, మాంసం కలిపి 85 గ్రాములు అని ఉంది. వండకముందు తూకం అది. నీ కంచంలో ఆ లెక్క ఎలా ఉందో నువ్వే చూసుకో.

పొద్దున టిఫిన్ సెంటర్‌ను వదలక్కరలేదు, పూరీ, వడ వదులు. పెసరట్టు నూనె తక్కువ వేసి కాల్చమను, లోపల ఉప్మా వద్దను. లేదంటే మూడు ఇడ్లీ, గిన్నెడు సాంబారు. కొబ్బరి చట్నీ నాలుకకు రాసుకునేంత. చాయ్ తాగు, పంచదార సగానికి దించి తర్వాత ఇంకా దించు. బిస్కెట్లు మాత్రం వద్దు. వాటి బదులు డెస్క్‌లో వేయించిన శనగలు, పల్లీలు పెట్టుకో, గుప్పెడు చాలు. బాదం, వాల్‌నట్ మంచివే, కానీ వాటి ధర చూసి పల్లీని చిన్నచూపు చూడకు. సాయంత్రం ఆకలిని ఈ గుప్పెడే ఆపాలి, ఎందుకంటే ఆకలితో బజ్జీల బండి ముందు నిలబడి నిగ్రహం చూపించినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

ఇంతా చేసి పీచు సరిపోలేదనిపిస్తే ఇసబ్గోల్ ఉంది. రోజూ ఒక చెంచాతో మొదలుపెట్టి రెండు చెంచాల దాకా పోవచ్చు, ప్రతిసారీ పెద్ద గ్లాసు నిండా నీళ్ళతో. నీళ్ళు తక్కువైతే గొంతులోనే ఉబ్బి ఇబ్బంది పెడుతుంది. ఏవైనా మాత్రలు వేసుకుంటే వాటికీ దీనికీ రెండు గంటలు ఎడం ఉంచాలి.

చేపలు మంచివే. నూనె ఉన్న సముద్రపు చేపల్లోని ఒమేగా 3 ట్రైగ్లిజరైడ్స్‌ను దించడానికి సాయపడుతుంది, ఎల్‌డీఎల్‌ను కాదు. పులస దాకా పోనక్కరలేదు, కానాగంతలు చాలు. పులుసు పెట్టించుకో, వేపుడు కాదు. బీరు ఎప్పుడైనా అన్నావు. ఈ మూడు నెలలు అదీ వద్దు, ట్రైగ్లిజరైడ్స్‌కు ఆల్కహాల్ తిన్నగా ఆజ్యం.

బిర్యానీ నెలకోసారి. ముక్కలు తిను, అన్నం సగం స్నేహితుడికి ఇవ్వు, పెరుగు చట్నీ ఎక్కువ అడుగు. రెండో ప్యాకెట్ విప్పకు.

ఇవన్నీ చేస్తూ రోజూ నలభై నిమిషాలు గట్టిగా నడిస్తే, నాలుగైదు కిలోలు దిగితే, 260 కాస్తా 200 లోపుకు రావడం నేను చాలామందిలో చూశాను. 144 అంత గబగబా రాదు, 125 దగ్గరికి వచ్చిందంటే నీ కష్టానికి తగ్గ ఫలమే.

రీడింగ్ రెడ్డి:

ఇంగ్లండ్ నుంచి. ఇక్కడి తెలుగువాళ్ళు ఈ అంకెలు చూసి కంగారు పడొద్దు, మన రిపోర్టుల్లో కొలమానం వేరు. కొలెస్ట్రాల్ అంకెను 38.67తో భాగించాలి. తమ్ముడి 232 ఇక్కడ 6.0 అవుతుంది, ఎల్‌డీఎల్ 3.7. ట్రైగ్లిజరైడ్స్‌కు మాత్రం 88.57తో, అంటే 2.9. మా అత్తగారు ఇండియా రిపోర్టు తెచ్చినప్పుడు మా ఇంట్లో పెద్ద హడావుడి జరిగింది.

గోదావరి గట్టు గారూ, ఇక్కడ గోరుచిక్కుడు ఇండియన్ షాపుల్లో ఫ్రోజెన్‌లో దొరుకుతుంది. అందులో పీచు పోతుందా?

గోదావరి గట్టు:

పోదండీ. నిశ్చింతగా వండుకోండి. బార్లీ కూడా మీకు తేలిగ్గా దొరుకుతుంది, అందులోనూ ఓట్స్‌లోని బీటా గ్లూకానే ఉంటుంది. చారులో వేసి ఉడికించండి.

జగిత్యాల పోరడు:

అమ్మా, నిన్న రాత్రి పెసరపప్పు తోటకూర చేశా. ఉప్పు ఎక్కువైంది గానీ తినగలిగా. చివరి డౌట్: మళ్ళీ టెస్ట్ ఎప్పుడు, ఎలా చేయించుకోవాలి? ఆఫీసు ప్యాకేజీలోదే చేయిస్తే సరిపోతుందా?

గోదావరి గట్టు:

పన్నెండు వారాలు నిండాక వెళ్ళు. నీ ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ కాబట్టి రాత్రి ఎనిమిదికల్లా తినేసి, పొద్దున ఎనిమిదికి పరగడుపున రక్తం ఇవ్వు. మంచినీళ్ళు తాగొచ్చు. పెళ్ళి భోజనం తిన్న మర్నాడో, జ్వరం తగ్గిన వారంలోనో వెళ్ళకు, అంకెలు అటూ ఇటూ అవుతాయి. వీలైతే అదే ల్యాబు. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే మొదట చెప్పిన ఆ ఎల్‌డీఎల్ లెక్క పనిచేయదు, అప్పుడు ఎల్‌డీఎల్ నేరుగా కొలవమని అడగాలి, నీకు ఆ అవసరం రాదనుకుంటా.

అమ్మకు థైరాయిడ్ అన్నావు కదా. థైరాయిడ్ మందగిస్తే కూడా ఎల్‌డీఎల్ పెరుగుతుంది, అప్పుడు ఎంత గోకరకాయ తిన్నా లాభం ఉండదు. ప్యాకేజీలో ఉందో లేదో చూసుకో, లేకపోతే ఆ టెస్టు కోసం మూడు నెలలు ఆగకు, ఈ వారమే వెళ్ళి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించు. పనిలో పనిగా మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా. రెండూ వచ్చాక ఇక్కడే పెట్టు, చూస్తాను.